ఎనిమిది మిల్లీమీటర్లు

జూన్ పదహారు, మంగళవారం. ఆ పొద్దున ఆమె తిన్నది ఒక ఉడికించిన గుడ్డు, రెండు కాల్చిన రొట్టెముక్కలు. ఇప్పటికీ గుర్తుందంటే అది నాన్న వల్లే.

"బాగా నమిలి తిను తల్లీ. ఆపరేషనయ్యాక మూడు రోజులు జావే. నాలుగోరోజు గుడ్డు, అదీ చిదిమి," అన్నాడు, గుమ్మం దగ్గర బూట్లు తుడుచుకుంటూ.

నాన్న డ్రిల్లు మాస్టారు. విజిల్ అక్కర్లేదు, ఆయన గడ్డం ఎత్తితే చాలు, మైదానమంతా నిటారుగా నిలబడేది. ఆ గడ్డాన్ని మంగలికి కూడా అప్పగించడు, సొంతంగానే గీసుకుంటాడు. ఆయన తరఫు వాళ్ళెవరూ మిగల్లేదు. "పెళ్ళికి ముందు ఫొటోలు వరదలో పోయాయిగానీ, చూపించేవాణ్ణి మా వంశం గడ్డాలు," అంటాడు.

ఆమెకి గడ్డం లేదు. అంటే ఉంది. పెదవి కింద మొదలైనట్టే మొదలై మెడలోకి జారిపోతుంది. దేవుడి దగ్గర మట్టి అయిపోయిందని బళ్ళో నవ్వేవాళ్ళు. ఇప్పుడామె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. రోజుకి ముప్ఫై మొహాలు స్కేలు పెట్టి కొలుస్తుంది. రెండు వైపులా ఒక్కలా ఉన్న మొహం ఇంతవరకూ తగల్లేదు. అందుకే తన మొహం మీద ఆమెకి పెద్ద ఫిర్యాదేమీ లేదు.

ఫిర్యాదు చుట్టాలది. పోయిన ఆదివారం మేనమామ ఇంట్లో, ఇరవైమంది మధ్య, అత్త అననే అంది. "ఆయన గడ్డం చూడు, పిల్ల గడ్డం చూడు. వదినా, ఇప్పటికైనా నిజం చెప్పెయ్."

అందరూ నవ్వారు. అమ్మ కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతూ నిలబడింది. నాన్న విన్నాడు, ఏమీ అనలేదు. మర్నాడే గడ్డాలు సరిచేసే క్లినిక్‌కి ఫోన్ చేశాడు. అమ్మ చేతుల్లోని ఆ కప్పు గుర్తొచ్చి ఆమె సరేనంది.

క్లినిక్‌లో డాక్టరమ్మ పల్చటి పెట్టె తెరిచింది. లోపల సిలికాన్ ముక్కలు, తెల్లగా, నారింజ తొనల్లా. నాలుగు, ఆరు, ఎనిమిది, పది మిల్లీమీటర్లు.

"గడ్డం కింద చిన్న కోత పెట్టి, ఎముక ముందు దీన్ని కూర్చోబెడతాం. మీకు ఆరు సరిపోతుందమ్మా."

"ఎనిమిది పెట్టండి," అన్నాడు నాన్న. "ఆరు మొదట్లో బాగానే ఉంటుంది. వాపు దిగాక ఏమీ మిగలదు."

"బాగా చదువుకుని వచ్చినట్టున్నారు మాస్టారూ."

"చలికాలం కాస్త లాగుతుందట," అన్నాడు కూతురితో. "అలవాటైపోతుందిలే."

డాక్టరమ్మ స్కేలు తీసింది. "పోలిక రావాలంటే మీదే కొలుద్దాం, ఉండండి."

నాన్న కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "వద్దొద్దు. నాకు గిలి."

ఆమె ఎనిమిదిని గడ్డానికి ఆనించి అద్దంలోకి చూసింది. పక్కనుంచి అచ్చం నాన్నే. ఇక ఆ ఇరవైమందీ నోరు మూసుకుంటారు. మూసుకుంటారా? లేని పోలిక అతికించుకుందంటారు. ఆమె ముక్కని తీసి, పెట్టెలో దాని చోట పెట్టేసింది.

"నాకొద్దు నాన్నా."

"పిచ్చిగా మాట్లాడకు. గంట పని."

"ఇది పెట్టించుకుంటే అత్త మాటకి నేనే సాక్షి సంతకం పెట్టినట్టు. అమ్మ తప్పు చేస్తే నేను కప్పిపెట్టానని."

"ఈ మొహంతో ఎన్ని పడాలో నీకు తెలీదే."

"ఇరవై నాలుగేళ్ళుగా పడుతున్నది నేను. నాకు తెలీకపోవడమేంటి?"

"నీ సంగతి సరే. మీ అమ్మ..."

"అమ్మ కోసమైతే ఆదివారమే నోరు విప్పాల్సింది. నాలుగు మాటలతో పోయేదానికి నా ఎముక దాకా వచ్చావు. అక్కడ ఇరవై నాలుకలున్నాయి, కొయ్యాలనుంటే అవి కొయ్యించు."

నాన్న పెదవులు వణికాయి. గడ్డం మాత్రం రాయిలా కదల్లేదు.

అంగీకార పత్రంలో సైజు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. ఆమె అందులో సున్నా చుట్టి, కింద సంతకం చేసి ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని చూసింది, ఆమెని చూసింది. గుమ్మం దాకా వచ్చి, తలుపు పట్టుకుని నిలబడింది.

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నాన్న కూర్చోలేదు.

"ఏ సైజు తీసుకున్నారు?" అంది ఇంట్లో అమ్మ తలెత్తకుండా, కూరగాయలు తరుగుతూ.

"సున్నా."

అమ్మ కత్తిపీట ఆగింది. కాసేపు కూతురి మొహంకేసి చూసింది. ఆదివారం తర్వాత మొదటిసారి నవ్వింది.

"అదే నీకు నప్పుతుంది."

నాన్న భోజనానికి రాలేదు. లోపల ట్రంకుపెట్టె లాగిన చప్పుడు వినిపించింది. పడుకునే వేళకి బయటికొచ్చాడు. హాల్లో మేకుకున్న ఫొటో, గడ్డం ఆకాశానికెత్తి షీల్డుతో తీయించుకున్నది, దించి చంకలో పెట్టుకున్నాడు. దాని చోట ఇంకేదో చిన్నది తగిలించాడు.

"రేపు మీ మామయ్యా వాళ్ళని భోజనానికి పిలువు," అన్నాడు, గోడతో చెప్పినట్టు. "అత్తని తప్పకుండా రమ్మను."

గదిలోకి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు మూసుకున్నాడు.

ఆమె లైటు వేసింది. మేకుకి వేలాడుతున్నది తన మొహమే: పెదవి కింద మొదలై మెడలోకి జారిపోయిన అదే గడ్డం, పైన నూనూగు మీసాలు, ఫొటో అట్ట అంచున నాన్న చేతిరాతలో నాన్న పేరు, పెళ్ళికి ముందటి సంవత్సరం.