ఆరో అంతస్తు తలుపు

"మెట్లెక్కమంటారా? నన్నా?" మెకానిక్ విసురుగా లేవబోయాడు. పొట్ట బల్లకు తగిలి మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. "నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ని డాక్టరమ్మా. నేనే మెట్లెక్కితే ఇక లిఫ్టును ఎవరు నమ్ముతారు?"

డాక్టరమ్మ నవ్వలేదు. అతని అన్న పెద్దపేగు క్యాన్సర్‌తో పోయి ఏడాది కూడా కాలేదు. ఆ పొట్ట తగ్గాలని, రోజూ ఒళ్లు అలిసేలా తిరగాలని, మాంసం, మందు తగ్గించి కూరగాయలు, ఆకుకూరలు, పప్పులు పెంచాలని విడమరిచి చెప్పింది.

"ఇవన్నీ చేస్తే ఆ జబ్బు రాదని రాసిస్తారా?"

"రాయను. వచ్చే అవకాశం తగ్గుతుందని మాత్రం చెప్పగలను."

"అయితే నా మాట కూడా వినండి. మెట్లెక్కను, గడ్డి తినను."

పక్కన కూర్చున్న భార్య తల వంచుకుంది. అతను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఆమెకు పెళ్లైన వారానికే తెలిసిపోయింది.

వాళ్లుండేది ఆరంతస్తుల పాత భవనంలో, కింది వాటాలో. ఉండనిచ్చినందుకు అక్కడి లిఫ్టు బాగోగులన్నీ అతనివే. పాతకాలపు లిఫ్టు అది. ఇనుప జాలీ తలుపు పూర్తిగా వేయకపోతే ఆ అంతస్తులోనే ఉండిపోతుంది, ఎవరు పిలిచినా కదలదు.

డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన కొద్దిరోజులకే లిఫ్టుకు రోగం పట్టుకుంది. పొద్దున్నే జనం పనులకు బయల్దేరే వేళకు రాదు. మెకానిక్ అప్పుడే పాలు తెచ్చి గట్టు మీద పెట్టి, రొప్పుతూ, తిట్టుకుంటూ, అంతస్తు అంతస్తూ వెతుక్కుంటూ పైకెక్కేవాడు. తీరా చూస్తే ఆరో అంతస్తులో తలుపు ఓరగా ఉండేది. అక్కడున్న ఒక్క వాటాకూ ఎప్పట్నుంచో తాళం.

దయ్యమేమోనంది రెండో అంతస్తు టీచరమ్మ.

"దయ్యానికి లిఫ్టెందుకమ్మా, గోడలోంచే పోతుంది. ఇది మనిషి పనే. దొరకనీ, వాణ్ని ఇవే మెట్ల మీద దొర్లిస్తా" అని భవనమంతా వినబడేలా అరిచాడు మెకానిక్. దిగేటప్పుడూ లిఫ్టెక్కడు. దొంగ ఎక్కడ నక్కాడో చూసుకుంటూ రావాలట.

టీచరమ్మకు అనుమానమంతా అతని భార్య మీదే. ఓసారి చాటుగా అడిగేసింది కూడా. నాకంత తెలివుంటే ఈయనతో ఇన్నేళ్లు ఎందుకు వేగుతానని ఆమె నవ్వేసింది. ఎవరు చేస్తున్నా వాళ్ల కడుపు చల్లగా ఉండాలని మాత్రం మనసులో దండం పెట్టుకుంది.

రానురాను అతని రొప్పు తగ్గింది. బెల్టుకు కొత్త కన్నం పడింది. అదేమిటని అడిగితే తోలు సాగిందన్నాడు. ఆమె పట్టు వదలకుండా కాయగూర ముక్కలు పెట్టి అతని రిపేరు షాపుకు పంపే డబ్బా కూడా ముక్క మిగలకుండా ఖాళీ అయి వస్తోంది.

"షాపు ముందు కుక్కకు వేశా" అనేవాడు.

"కుక్క కీరదోస తింటుందా అండీ?"

"ఆకలైతే ఏదైనా తింటుంది."

అంతలో భవనం ప్రెసిడెంటు మీటింగు పెట్టాడు. వాటంతటవే మూసుకునే కొత్త తలుపులు పెట్టిస్తే పీడ వదులుతుందన్నాడు. అందరూ సరేనన్నారు. మెకానిక్ ఒక్కడే అడ్డు చెబుతూ లేచి నిలబడ్డాడు.

"బంగారంలాంటి తలుపులు. నా ప్రాణం ఉండగా వాటి మీద చెయ్యి వేయనివ్వను."

"నీకే కదయ్యా పని తగ్గేది?"

"నా పని తగ్గించమని మిమ్మల్ని అడిగానా? దొంగను నేనే పడతాను."

ఎంత గింజుకున్నా నెలాఖరు వరకే గడువిచ్చారు.

ఇంటికొచ్చాక భార్యకు మనసు మనసులో లేదు. ఆఖరి రోజుల్లో బావగారు మంచానికి అతుక్కుపోయిన తీరు కళ్లముందు మెదిలింది. కొత్త తలుపులొస్తే ఈయన మళ్లీ కుర్చీకి అతుక్కుపోతాడు. ఆ దొంగ ఎవరైనా సరే, కాళ్లు పట్టుకునైనా ఇంకో ఉపాయం చూడమని అడగాలనుకుంది.

తెల్లవారుజామున భర్త పాల సంచి తీసుకుని వెళ్లగానే ఆమె మెట్లన్నీ ఎక్కి, ఆరో అంతస్తు దాటి డాబా మెట్ల మలుపులో నిలబడింది. కాసేపటికి కింద కిర్రుమని చప్పుడైంది. లిఫ్టు మెల్లగా పైకొచ్చి ఆగింది. జాలీ తలుపు తెరుచుకుంది.

మెకానిక్ పాల సంచితో బయటికొచ్చి, తలుపును ఓరగా వదిలేశాడు.