మూడు పిడికిళ్ళు

"మళ్ళీ పరుచుకుపోయినాయి అత్తమ్మా."

పర్వీన్ మూకుడు మీది నిప్పులు తోసి పళ్ళెం బయటికి తీసింది. నాన్‌ఖటాయి బిస్కత్తులు గుండ్రంగా పొంగకుండా అణగిపోయి, ఒకదానికొకటి అంటుకున్నాయి.

వాకిట్లో కూర్చున్న మొగుడు ముస్తాక్ ఒకటి కొరికాడు. పలకల గని దుమ్ము ఇంకా అతని జుట్టులోనే ఉంది.

"తీపి మొగం మొత్తుతాంది. అమ్మ చేసినవి ఇట్ల ఉండవు." ఆ మాట అనేలోపు రెండుసార్లు దగ్గాడు.

గిద్దలూరు స్టేషనులో ఫలహారాల కాంట్రాక్టరు ఎనిమిదేళ్ళ కిందట పర్వీన్ అత్త చాంద్‌బీ ఇంటి నాన్‌ఖటాయి తిన్నాడట. ఆ రుచే రావాలన్నాడు. సరుకుల కొలత తులాల్లో రాసి, రేపటి బండికి మచ్చు పంపమన్నాడు. కుదిరితే రోజూ బుట్టెడు. ముస్తాక్ ఇంక గనికి పోనక్కర్లేదు. కుదరకపోతే ఆ దగ్గు ఎందాకా పోతుందో ఇంట్లో ఎవరూ పైకి అనరు. చాంద్‌బీకి మిగిలింది వాడొక్కడే.

పర్వీన్ కోడలిగా వచ్చి నాలుగు నెలలు. ఊరి బడిలో నేర్చిన అక్షరాలతో పలక మీద రాసుకుంది. తలకొట్టి సమంగా కొలిచిన సోలెడు పిండి, పదిహేడు తులాలు. గిద్దెడు నెయ్యి, ఏడు. చక్కెర దగ్గర బలపం ఆగిపోయింది. అత్తమ్మ చెప్పింది ఒకటే మాట: మూడు పిడికిళ్ళు.

"ఇంకొక్కసారి పిడికిలి పట్టండి అత్తమ్మా, తూస్తాను."

చాంద్‌బీ డబ్బాలో చెయ్యి పెట్టింది. పిడికిలి మూసి చాలాసేపు దానివంకే చూసింది. అరువు తెచ్చిన త్రాసులో విప్పితే ఐదు తులాలు. పొద్దున కూడా అంతే.

"మూడేనా? రెండు కాదు గదా?"

"మూడే. ఎన్నడూ మూడే."

గోడ అవతల కృష్ణవేణమ్మ నవ్వింది. "అన్నీ చెప్పేస్తే ఇంక అత్త ఎట్లయితాది పిల్లా? ఒకటన్నా దాచుకోవద్దా?"

ఆ మాట పర్వీన్ మనసులో ముల్లులా దిగింది. నిజమే. ఎనిమిదేళ్ళుగా అత్తమ్మ ఈ బిస్కత్తుల జోలికే పోలేదు. అడిగితే మొహం తిప్పుకుంటుంది. నీళ్ళకని లేవబోతే పొయ్యి పక్కనున్న చిన్నపీట కాలికి తగిలింది. ఈ రోజుకిది మూడోసారి.

"ఎవరూ కూర్చోని పీట ఎందుకత్తమ్మా ఈడ? తీసేద్దునా?"

"ఉండనీ."

పర్వీన్ ఆమె ఎదురుగా చతికిలబడింది. "నామీద కోపముంటే తర్వాత తీర్చుకోండి. ఆయన దగ్గు వింటానే ఉన్నారు గదా. దాచుకున్నదేందో ఈ పొద్దు చెప్పండి."

చాంద్‌బీ లేచింది. లోపలికి పోయింది. పెట్టె మూత కిర్రుమంది. తిరిగొచ్చి ఒక ఆకుపచ్చ గాజు కోడలి అరచేతిలో పెట్టింది.

బుజ్జగింపుకి ఇచ్చిందనుకుని పర్వీన్ కళ్ళు తుడుచుకుంది. గాజు తొడుక్కోబోయింది. అది మూడు వేళ్ళ దగ్గరే ఆగిపోయింది.

"ఇది నాకు పట్టదు అత్తమ్మా."

"నీకు కాదమ్మా." చాంద్‌బీ గాజు తీసుకుని త్రాసు పళ్ళెంలో, చక్కెర పక్కన పెట్టింది.

"ఆ పీట మీద కూర్చుని చక్కెర వేసేది నా కూతురు."