లైటు వెలగని కెమెరా

నాగబాబు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. మాటలు మారలేదు.

గజపతినగరం మెయిన్ రోడ్డు మీద అతని స్టూడియో. మధ్యాహ్నం వేళ. బయట సాలూరు లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. చెవులకి హెడ్‌ఫోన్లు ఉన్నాయేమో, అవేవీ అతనికి వినబడటం లేదు. కంప్యూటర్ తెర మీద పెళ్ళి పందిరి. పీటల మీద పెళ్ళికూతురు, పక్కన వాళ్ళ అక్క.

తప్పంతా ఆ రికార్డరు డబ్బాదే అనుకున్నాడు.

అతని కెమెరా ఫొటోల కోసం కొన్న చిన్నది. వీడియో తీస్తే అరగంట కాగానే దానంతటదే ఆగిపోతుంది. ఎవరో ఒకరు పక్కనే ఉండి మళ్ళీ బటన్ నొక్కాలి. పెద్ద కెమెరా కొనే స్తోమత లేదు. అందుకే ఈ పెళ్ళికి ముందు అరచేతిలో పట్టే రికార్డరొకటి చవకలో తెప్పించాడు. కెమెరాకి కేబుల్ తగిలిస్తే చాలు, బొమ్మా మాటా అన్నీ దానిలోకి వెళ్ళిపోతాయి. కార్డు నిండేదాకా ఆగదు.

ఆ రోజు ముహూర్తం గట్టిది. జిల్లా అంతా పెళ్ళిళ్ళే. కిరాయికి వీడియో తీసే మనిషి దొరకలేదు. స్టూడియోలో పనిచేసే ఎర్రన్న రెండో కెమెరాతో ఫొటోలు చూసుకోవాలి. కెమెరా దగ్గర నిలబడే వీలు నాగబాబుకి లేదు. పొద్దున్నే పందిట్లో స్టాండు వేసి, పీటలు కనబడేలా కెమెరా బిగించి, రికార్డరు నొక్కి వెళ్ళిపోయాడు.

అలా తీసినప్పుడు కెమెరా మీద ఎర్ర లైటు వెలగదు. చూసేవాళ్ళు ఆగిపోయిందనే అనుకుంటారు.

తాళి కట్టడం అయింది. తలంబ్రాలూ అయ్యాయి. జనం భోజనాలకి లేచారు. పెళ్ళికొడుకుని ఎవరో పెద్దాయనకి దణ్ణం పెట్టించడానికి తీసుకుపోయారు. అప్పుడు అక్క వచ్చి పెళ్ళికూతురి పక్కన కూర్చుంది.

“ఆ కెమేరా తిరగతందేటి?” అని అడిగింది పెళ్ళికూతురు.

“లేదే. లైటు లేదు సూడు. ఏటే, మొకం అలాగెట్టినావు?”

“ఏటీ లేదక్కా.”

“శివాజీకి సెప్పీసినావా?”

“సెప్పీసినాను. ఇంక ఫోన్ సెయ్యొద్దన్నాను. నాన్న కాళ్ళట్టుకున్నాను గాని ఇన్నేదు.”

“పోన్లే. ఈ కుర్రోడు మంచోడేనే.”

“మంచోడే అక్కా. అదే నా బాద. సెడ్డోడైతే తిట్టుకుంటా బతికీదాన్ని. ఎంత సంబరంగా ఉన్నాడో సూసినావా? ఆ మొకం సూత్తే జాలేత్తంది.”

“అలవాటైపోతాది.”

“అవ్వాల మరి,” అంది పెళ్ళికూతురు. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అంతలో పెళ్ళికొడుకు తిరిగి వచ్చాడు. వస్తూనే ఆమె వైపు వంగి ఏదో అన్నాడు. ఆమె నవ్వింది. అది చూసి అతను ఇంకా పెద్దగా నవ్వాడు. నాగబాబు ఆ మొహం చూడలేకపోయాడు. బొమ్మ ఆపేశాడు.

ఎన్ని పెళ్ళిళ్ళు తియ్యలేదు. అప్పగింతల్లో ఎంతమంది ఆడపిల్లలు ఏడవలేదు. ఆ ఏడుపుల కింద ఏదో ఒక పాట వేసి కలిపేస్తాడు. ఈ ముక్క మాత్రం ఏ పాట కిందా అణగడం లేదు.

తుడిచేద్దామని మౌసు మీద వేలు పెట్టాడు. కార్డులోంచి పోతుంది. విన్నది ఎలా పోతుంది? ఆ శివాజీ ఎవరో, ఎక్కడ ఉంటాడో తెలియదు. తండ్రిని నిలదీద్దామంటే, అయిపోయిన పెళ్ళికి ఏమని నిలదీస్తాడు? వేలు అలాగే ఉండిపోయింది.

ఎర్రన్న టీ పట్టుకొచ్చాడు. “బావా, వీడియో ఇంకా అవ్వలేదా? పెళ్ళికూతురోళ్ళింటి నుంచి మళ్ళీ ఫోనొచ్చినాది. సుట్టాలందరూ అడగతన్నారంట.”

“అవుతాదిలే.”

నాగబాబు హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకున్నాడు.

“ఒరే ఎర్రన్నా, ఒక పిల్ల ఇష్టం లేకండా పీటల మీద కూసుందని మన రికార్డులో దొరికిందనుకో. ఏటి సేస్తావు?”

“కోసీసి పారేస్తాను. మనల్ని పిలిసింది నవ్వులు తియ్యమని గదా.”

“మరి పెళ్ళికొడుకు?”

“ఆడికి తెలీకపోతే సుకంగా ఉంటాడు.”

“తెలిస్తే?”

ఎర్రన్న గ్లాసు బల్ల మీద పెట్టి ఆలోచించాడు. “తెలిస్తే మాత్రం ఏటి సేస్తాడు బావా? తాళి కట్టీసినాడు. అడిగితే ఆ పిల్ల నలిగిపోద్ది. అడక్కపోతే ఈడు నలిగిపోతాడు. ఇంతకీ ఎవలి పెళ్ళి?”

“పాతది. ఎప్పుడోది.”

ఎర్రన్న వెళ్ళిపోయాడు. టీ చల్లారిపోయింది. నాగబాబు చెయ్యగలిగింది ఒక్కటే మిగిలింది, అదే చేశాడు. అక్క వచ్చి కూర్చున్న చోట కోశాడు. పెళ్ళికొడుకు తిరిగొచ్చిన చోట కోశాడు. రెండు కొసలూ అతికించాడు. అతుకు కనబడకుండా మధ్యలో అక్షింతల పళ్ళెం బొమ్మ ఒకటి వేశాడు. ఇప్పుడు చూస్తే ఆ పిల్ల అసలు ఏడవనే లేదు. జనం లేచారు, ఆమె నవ్వింది.

ఎంత బాగా అతికిందో చూసుకుని, మళ్ళీ మొదటినుంచి వేశాడు.

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. అతని భార్య భారతి అన్నం క్యారియరుతో లోపలికి వచ్చింది. నాగబాబు గబుక్కున తెర ఆర్పేశాడు. ఆమె గిన్నెలు ఒక్కొక్కటే విప్పి బల్ల మీద పెట్టింది. చారు చల్లారిందేమోనని గిన్నె పట్టుకు చూసింది. మంచినీళ్ళ సీసా అతని చేతికందేలా జరిపింది.

తర్వాత నల్లటి తెర వైపు ఒకసారి చూసి, “మన పెళ్ళి వీడియో ఎంతవరకూ వచ్చినాదండీ?” అని అడిగింది.