ఓరాకిలి

"మెషిను ఆపండి! ఆపండంటుంటే!"

మేనేజరు వేసిన కేకకు అచ్చు యంత్రం ఠక్కున నోరు మూసుకుంది. అది మూసుకుంది గానీ ఆయన మూసుకోలేదు. ఇంకా తడి ఆరని కాగితాన్ని జబ్బుచేసిన బిడ్డలా రెండు చేతులా పట్టుకుని, యజమాని గదిలోకి వచ్చిపడ్డాడు.

"బావా! కొంప మునిగింది!"

యజమాని కళ్లజోడు సవరించుకున్నాడు. మేనేజరు ఆయన భార్యకు స్వయానా తమ్ముడు. అందుచేత వారానికో కొంప మునగడం, ఈయన దాన్ని తేల్చడం ఆ ప్రెస్సులో మామూలే. కానీ ఈసారి మునిగేది నాలుగేళ్లు చెమటోడ్చిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు. ఎదురు వీధి ప్రెస్సువాళ్లు పోయిన సోమవారమే వాళ్ల నిఘంటువును బజార్లో పెట్టేశారు. కిందటి రెండు పుస్తకాలకూ అంతే, వాళ్లే ముందు. ఈసారి తమ పుస్తకం వాళ్లదాన్ని మించకపోతే ప్రెస్సుకు తాళం వేసుకుని, 'లాక్' అనే మాటకు తానే అర్థమై కూర్చోవాలి.

"ఏమైందిరా?"

"డోర్ పోయింది బావా!"

"ఏ గదిది?"

"గదిది కాదు, పుస్తకంలోది! 'డోర్' కింద ప్రూఫులో ఆరు మాటలున్నాయి. తలుపు, ద్వారం, కవాటం, వాకిలి, గుమ్మం, ఓరాకిలి. ఇక్కడ లెక్కపెట్టు, అయిదే! ఓరాకిలి ఎగిరిపోయింది. షీటు షీటూ నా ప్రూఫుతో పోల్చి చూస్తాను కాబట్టి దొరికింది గానీ..."

అచ్చుకు ముందు ప్రూఫులు మూడు కట్టలు తీశారు. బావమరిదికొకటి, మాటలు సరిచూసే రిటైరైన మాస్టారికొకటి, యజమానికొకటి. తన కట్ట బరువు చూసి మురిసిపోయాడే తప్ప, యజమాని దాని ముడి విప్పలేదు.

"నీ కట్ట ఎక్కడుంది?" అని మాత్రం అడిగాడు, ఏదో ఒకటి అడగాలి గనుక.

"నా సొరుగులో. తాళంచెవి నా జేబులో. ఇచ్చిన రోజునుంచీ చీమ కూడా తొంగిచూడలేదు. జాగ్రత్తంటే అదీ! ఆవిడకు చెప్పు!"

ఆవిడంటే ప్రూఫులు దిద్దే ఆవిడ. అచ్చుతప్పు కనబడితే అన్నం సహించదు కాబట్టి ప్రెస్సంతా అచ్చమ్మ అంటుంది. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పిలవకముందే వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది, చెవిమీద ఎర్ర పెన్సిలుతో.

"తీసేసింది నేనే సార్. అలాంటి మాట లేదు."

"లేదా!" మేనేజరు గంతేశాడు. "ఓరగా తీసిన వాకిలి ఓరాకిలి! బళ్లో పిల్లాడికి తెలుస్తుంది. అసలు మీకు వాకిలికీ తలుపుకీ తేడా తెలుసా?"

"తలుపు లేకపోయినా వాకిలి వాకిలేనండి. వాకిలి లేకపోతే తలుపు ఉత్త చెక్క. గుమ్మం మనం ఎక్కేది, ద్వారం గొప్పవాళ్లు దాటేది, తలుపు మొహాన వేసేది. ఓరాకిలి మాత్రం ఎవరింటికీ లేదు."

యజమానికి నవ్వొచ్చింది. బావమరిది మొహం చూసి దాన్ని మీసాల్లో దాచుకున్నాడు.

"నవ్వులాట కాదు బావా! 'డోర్'కు అయిదే మాటలా అని జనం మన పుస్తకం మొహానే తలుపు వేస్తారు. ఈవిడను ఇవాళే పంపించెయ్. మా తోడల్లుడు ఖాళీగానే ఉన్నాడు."

"ఎక్కడ ఖాళీ? ఇంట్లోనా, బుర్రలోనా?" అన్నాడు యజమాని.

అచ్చమ్మ మాత్రం నవ్వలేదు. "సార్, అచ్చయిన ఏ పుస్తకంలోనైనా సరే, ఆ మాట చూపించమనండి. చూపిస్తే ఈ పెన్సిలు మీ బల్లమీద పెట్టి వెళ్లిపోతాను."

"మాట మీద నిలబడతారా?" అన్నాడు మేనేజరు.

"ఉన్న మాట మీదయితే ఎప్పుడూ నిలబడతాను."

"తొందరపడకమ్మా!" యజమాని కుర్చీలోంచి లేచాడు. ఆవిడ పోతే ఆ పుస్తకంలో ఏ అక్షరం ఎక్కడ తప్పిపోతుందో చెప్పేవాడు లేడు. కానీ మేనేజరు అప్పటికే వెళ్లాడు, రెండు నిమిషాల్లో వచ్చాడు. చంకలో ఎర్ర అట్ట పుస్తకం. ఎదురు వీధివాళ్ల నిఘంటువు. దబ్బున బల్లమీద పడేసి, వెతుక్కోకుండా సరిగ్గా ఆ పేజీయే తెరిచాడు.

"చదువు బావా! నీ నోటితోనే చదువు!"

యజమాని వేలు పెట్టి చదివాడు. తలుపు. ద్వారం. కవాటం. వాకిలి. గుమ్మం. వేలు ఆగిపోయింది. ఆరోది ఉంది. ఓరాకిలి.

"చూశావా! వాళ్లకున్న పాటి తెలివి మనకు లేకపోయింది. పెట్టండమ్మా పెన్సిలు!"

అచ్చమ్మ చెవిమీది పెన్సిలు తీసి నెమ్మదిగా బల్లమీద పెట్టింది. యజమానికి తలెత్తబుద్ధి కాలేదు.

"వెళ్తాను సార్. వెళ్లేముందు ఒక్క మాట. 'డోర్' కింద ఆరో మాట నేను పుట్టించిందే. మూడు కట్టల్లో మూడు రకాలుగా పెట్టాను, అచ్చుకు వెళ్లేముందు మూడూ తీసేశాను. వాళ్ల పుస్తకం సోమవారమే చూశాను గానీ నేను చెబితే చాడీ అవుతుంది, అందుకని మేనేజరుగారి చేతే చూపించాలని ఆగాను. మాస్టారి కట్టలో ఉన్నది మూతాకిలి. మీ కట్టలో, క్షమించాలి, తోపాకిలి. ఓరాకిలి మాత్రం చీమ కూడా తొంగిచూడని ఆ సొరుగులో తప్ప ఈ భూమ్మీద ఎక్కడా లేదు."