గేటు చిట్టీ

సూరత్ మగ్గాల మోతకు బాపు చెవులు పోయి పదేళ్లయింది. అందుకే లాక్‌డౌన్‌లో ఎమ్మెస్సీ వైవా కోసం ఆయన ముందే కూర్చుని సాధన చేశాను. వైవా తప్పితే ఏడాది పోతుంది. వినబడని మనిషి ముందైతే నాకు సిగ్గుండదు.

"పురుగు కణంలకు వైరస్ జొచ్చింది బాపూ. దాని ప్రొటీన్, కణం నడుమనున్న న్యూక్లియస్‌ల పని చేసుకొని, బయట సైటోప్లాజంలకు రావాలె. ఒంటిమీద గేటు చిట్టీ అసొంటి ముక్క ఉంటెనే ఇడుస్తరు, మీ కార్ఖానల లెక్కనే."

బాపు ఉల్లిగడ్డలు కోస్తూ నా మొహం చూసి తలూపేవాడు. నెల రోజులు అదే పాఠం. మధ్యమధ్యలో ఎవరికీ చెప్పని నా మనసులోని కబుర్లు.

వైవా రోజు ఫోన్‌లో ఎగ్జామినర్ గారిని చూడగానే చదివిందంతా మరిచిపోయాను. న్యూక్లియస్ నుంచి ప్రొటీన్ ఎలా బయటపడుతుందని అడిగారు.

"బయటికి... ఎట్లొస్తది..." అని గొణిగాను.

ఎదురుగా కూర్చున్న బాపు ఇల్లు అదిరేలా అరిచాడు. "గేటు చిట్టీ బిడ్డా! చిట్టీ లేకుంటె వాచ్‌మన్ ఇడుస్తడా?"

ఎగ్జామినర్ గారు ఉలిక్కిపడ్డారు. నాకు జవాబు గుర్తొచ్చి ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పాను. పాసయ్యాను.

ఫోన్ పెట్టేసి, "నీకు ఇనబడదు గద బాపూ?" అన్నాను.

"మగ్గాల నడుమ చెవులతోని ఎవడింటడే? మూతి కదులుడు జూస్తె అంత సమజైతది. గది సరే గని, గా బార్డోలీ ఊరి పిలగాడు ఏం పని జేస్తడు?"

ఆ రోజు నుంచి ఇంట్లో కూడా మాస్కు తియ్యడం లేదు.