ఏడుసార్లు వన్స్‌మోర్

“ఈసారి కూడా ఆ జనమే కావాలి. ఈ మీసాలాయన తప్పకుండా ఉండాలి” అంది గ్రిసెల్దా, రికార్డు కవరు మీద వేలితో పొడుస్తూ.

కవరు మీద ఉన్నది పాటగాడు ఇలారియో బుస్తమంతే కాదు. పొదలాంటి మీసాలున్న ఓ భారీ మనిషి రెండు చేతులూ పైకెత్తి చిన్నపిల్లాడిలా భోరుమని ఏడుస్తున్నాడు. అర్జెంటీనాలో ఆ ఏడాది ఆ బొమ్మ పెట్టని రికార్డుల కొట్టు లేదు.

నిజానికి ఇలారియో పని అయిపోయిందనే అనుకున్నారు అందరూ. ఏభై నాలుగేళ్లొచ్చాయి. జుట్టు పల్చబడింది, గిటారు పాతబడింది, పాటలు అంతకన్నా పాతబడ్డాయి. పెద్ద ఊళ్లో హాలు ఇచ్చేవాడు లేక, రికార్డు కంపెనీ తరఫున గ్రిసెల్దా అతన్ని లాస్ పెర్దీసెస్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లింది. ఓ ఆదివారం సాయంత్రం అక్కడి క్లబ్బు హాల్లో పాడించి రికార్డు చేయించింది.

ఆ రోజు నక్క తోక తొక్కి వచ్చాడు. వాద్యాలు సర్దుకుంటుండగానే హాలు కిక్కిరిసింది. మొదటి పాట ఎత్తుకోకముందే జనం గొంతులు బొంగురుపోయి ఉన్నాయి. జెండాలు, డోళ్లు, ఎర్రటి పొగ. అక్కడ రాక్ పాటగాడికి ఆ మాత్రం హంగామా మామూలే. కానీ ముసలమ్మలు కూడా కుర్చీలెక్కి గెంతడం ఎక్కడైనా ఉందా? ముక్కూ మొహం తెలియనివాళ్లు కావలించుకుని ఏడ్చారు.

ఆఖరి పాట అయిపోయినా ఒక్కరూ కదల్లేదు. “వన్స్‌మోర్!” అన్నారు. పాడాడు. మళ్లీ అన్నారు. మళ్లీ పాడాడు. అలా ఏడుసార్లు. మధ్యమధ్య జనం తలుపు వైపు తొంగి చూస్తుంటే, ఇంకా ఎవరెవరిని పిలిపిస్తున్నారో అని మురిసిపోయాడు. ఏడోసారి కళ్లు మూసుకుని రాగం సాగదీస్తుండగా హాలు కప్పు ఎగిరిపోయేంత హోరు లేచింది. కళ్లు తెరిచేసరికి లోపల పిట్ట లేదు. అందరూ బయటికి పరుగెత్తారు. గొంతు పోయిన ఇలారియోని వెనకదారిన కారెక్కించి పంపేశారు.

“ఆనందం పట్టలేక పారిపోయిన శ్రోతలు” అని రాసింది ఓ పత్రిక. ఇలారియో దాన్ని కత్తిరించి దాచుకున్నాడు. పత్రికల్లో తన పేరున్న పేజీ తప్ప మరోటి తిరగెయ్యడు లెండి. ఆ హోరుతోనే రికార్డు ముగుస్తుంది. అది వినడానికే జనం లక్షల్లో కొన్నారు.

చిక్కు ఆ తరవాతే వచ్చింది. పెద్ద ఊళ్లలో హాళ్లు నిండాయి గానీ, జనం పరామర్శకొచ్చినట్టు కూర్చునేవారు. చప్పట్లు కూడా మొహమాటానికే. రెండో రికార్డు చేస్తాం, ఆ హోరు ఉంటేనే, లేకపోతే నీకో దణ్ణం అంది కంపెనీ.

“అయితే ఆ మీసాలాయన్ని నన్నే వెళ్లి పిలవమంటావా?” అన్నాడు ఇలారియో గ్రిసెల్దాతో.

“బొట్టు పెట్టి మరీ పిలువు.”

“పాటగాణ్ణి నేనా, ఆయనా?”

“కవరు మీద ఎవరున్నారో చూసుకో, మహానుభావా!”

మీసాలాయన పేరు ఎలీసెయో. లాస్ పెర్దీసెస్‌లో మాంసం కొట్టు. గోడ మీద మరియమ్మ పటం, దాని పక్కనే ఫ్రేము కట్టించిన ఇలారియో రికార్డు. అది చూడగానే ఇలారియో గుండె నిండిపోయింది.

“అయ్యయ్యో, మాస్టారూ, మీరా! రండి రండి. ఒసే తెక్లా, మాతే టీ కలుపు!” అంటూ ఎలీసెయో ఎదురొచ్చాడు. “మా ఊళ్లో ఈ రికార్డు లేని కొంప లేదండీ. మా బావమరిది నాలుగు కొన్నాడు, ఒకటి అరిగిపోతే ఇంకోటి ఉండాలని!”

“వచ్చే ఆదివారం మళ్లీ పాడుతున్నాను. మీరంతా రావాలి. అచ్చం ఆ రోజులాగే.”

ఎలీసెయో మొహం చిన్నబోయింది. కత్తి కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

“రావడం వస్తాం మాస్టారూ. కానీ ఆ రోజులాగా అంటే... అది మన చేతుల్లో ఉందా? దేవుడు దయ తలచాలి.”

“మధ్యలో దేవుడెందుకు? పాడేది నేను కదా!”

అన్నాడే గానీ ఇలారియోకి భయం వేసింది. ముప్పై ఏళ్లుగా పాడుతున్నాడు. తన పాటకి మనిషన్నవాడు ఏడవడం ఆ ఒక్కరోజే చూశాడు. అదీ లేకపోతే ఇక దేన్ని చూసుకుని పాడాలి?

“ఒక్క మాట చెప్పండి చాలు” అన్నాడు బతిమాలుతూ. “మీరు ఏ పాటకి ఏడ్చారు? ఆదివారం దాన్నే ముందు ఎత్తుకుంటాను.”

ఎలీసెయో మీసం దువ్వుకుని భార్య వైపు చూశాడు. తెక్లా మాతే అందిస్తూ నవ్వాపుకోలేక తల తిప్పుకుంది.

“చెప్పెయ్యవయ్యా, పాపం అంత దూరం నుంచి వస్తే!”

“ఏమనుకోకండి మాస్టారూ, పాటెవడు విన్నాడు, ముప్పై ఒక్కేళ్ల తరవాత మా ఫుట్‌బాల్ జట్టు పొరుగూళ్లో కప్పు కొట్టిన రోజది, కుర్రాళ్లని తెస్తున్న బస్సు దారిలో పంచరై మూడు గంటలు ఆలస్యమైతే, అది క్లబ్బు గుమ్మంలోకి వచ్చేదాకా కాలక్షేపానికి మీచేత పాడించాం!”