దొర మీద శోకం

“ఈ దొర తల్లి పేరేటో సెప్పకపోతే నానెలగ ఏడుత్తానే?” అంది గురమ్మ, ఇసకలో చతికిలబడి.

ఆమె ఎదురుగా చాప మీద దొర చచ్చిపడి ఉన్నాడు. చచ్చింది సీరియల్లో జూట్ మిల్లు దొర. పడుకున్నది స్కాట్లాండు నటుడు ఫెర్గస్. దర్శకుడు ధనరాజ్‌కి ముక్కాం రేవులో అసలైన శోకం కావాలి. చావింట గురమ్మ గొంతెత్తితే సముద్రం కూడా ముక్కు చీదుతుందని ఊళ్లో పేరు. అలాంటి మనిషికి పొద్దుట్నుంచీ చుక్క కన్నీరు రాలేదు. మధ్యాహ్నానికి రాకపోతే విశాఖ నుంచి నటిని పిలిపిస్తానన్నాడు ధనరాజ్. అదే జరిగితే గురమ్మ రేపు చేపల తట్టతో ఏ వీధిలో తలెత్తుకు తిరుగుతుంది?

“పేరూ వరసా నేకుండా ఏడిస్తే అది శోకమేటి? ఒట్టి కూత!”

కూతురు రేఖ ఆ సీరియల్‌కి అసిస్టెంట్ డైరెక్టర్. “మోరాగ్,” అంది, దొరని అడక్కుండానే.

“అయ్య ఏటి సేత్తాడు?”

“మనలాగే. పడవా, వలా. ఈయనకి పడవెక్కితే వాంతులు. అందుకే నాటకాల్లో చేరిపోయాడు.”

“ఏటేటి ఏసాలేసాడు?”

“టీవీలో మొదటి వేషం శవం. బాగా చచ్చాడని ఇంకో రెండు సీరియళ్లలో చంపారు. తర్వాత ఏళ్ల తరబడి ఆస్పత్రి సీరియల్లో డాక్టరు. సినిమాల్లో పోలీసు. ఇదిగో, ఇక్కడికొచ్చి మళ్లీ శవం.”

“అయ్యో నా తండ్రీ! డాట్రువై ఉండి ఇలగైపోనావా!”

గురమ్మ మనసు కరిగింది. బతికున్నవాడి మీద ఏడిస్తే ఆయుష్షు పెరుగుతుందిలే అని సరిపెట్టుకుని, కొంగు సర్దుకుంది.

కెమెరా తిరిగింది.

“ఓ నా కొడకో! మోరాగమ్మ కడుపున పుట్టి...”

“కట్!” అని అరిచింది రేఖ. తన మాట లాగేసుకున్నందుకు ధనరాజ్ గుర్రుగా చూశాడు. “కొడుకు వద్దే అమ్మా. అందరూ అదే అంటారు.”

“ఓ నా తమ్ముడో!”

“తమ్ముడేటి? నీ కొడుకు వయసు!”

“మరి కొడుకంటే వద్దంతన్నావు కదే! ఓ నా బాబో!”

“దొరగారింట్లో పనిమనిషి ఏడ్చినట్టుంది.”

గురమ్మ మొహం మాడిపోయింది. నోట్లోంచి మాట ఊడిపడకముందే తప్పు పడుతోంది పిల్ల. విశాఖలో చదివొచ్చాక దీనికి తల్లి యాసా, చేపల వాసనా నామోషీ అయిపోయాయి. అదీ ఎవరి ముందు? తెలుగు ముక్క రాని మనిషి ముందు! కన్నకూతురే చులకన చేస్తే ఇంక బతికెందుకు? పొద్దుట్నుంచీ రాని కన్నీళ్లు అప్పుడు జలజలా రాలాయి.

“నానంటే నీకు సిన్నతనమైపోనాది, నాకు తెల్దేటి? సెప్పు! ఏ వరస పెట్టి ఏడవాల? నువ్వు సెప్పిందే ఏడుత్తాను!”

రేఖ చాప మీది దొర వైపు చూసింది. ధనరాజ్ విసుగ్గా వాచీ చూసుకున్నాడు.

చాప మీద శవం కళ్లు తెరవకుండానే గొణిగింది: “‘ఓ నా అల్లుడో’ అను, అత్తా.”